మూడు చేపల అలక

ఒకప్పుడు చేపలన్నిటికీ మూతి తిన్నగా ముందుకే ఉండేది.

గవరమ్మ చెరువులో మూడు రకాల చేపలుండేవి: బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. పొద్దున్నే ఆమె గట్టు మీద నిలబడి దోసెడు తవుడు చల్లేది. అన్నీ ఒకేచోటికి ఉరికేవి. తోపులాటలో తవుడంతా చెదిరిపోయేది. ఏ చేపా అరచెయ్యి దాటి ఎదగలేదు.

"ఇవి చేపలా, వేపాకులా?" అన్నాడు ఆమె మొగుడు అప్పలకొండ. "కోతలయ్యేలోపు ఇవి పెరక్కపోతే చెరువు పూడ్చేసి వంగ నాటతాను."

ఆ చెరువు గవరమ్మ తన చేతుల్తో తవ్వుకున్నది. ఇంకాస్త తవుడు వేద్దామంటే బాతులకే చాలడం లేదు. ఆ బాతుల గూడు చెరువు మీదే ఉంది. వాటి రెట్టంతా వెదురుబద్దల సందుల్లోంచి నీళ్లలోనే పడేది.

ఒకరోజు తవుడు దగ్గర పెద్ద గొడవైంది.

"నా వాటా మింగేశావు!" అంది బొచ్చె.

"నీ తలకాయంత వాటా కావాలేమిటే నీకు?" అంది శీలావతి.

"మీ తోకదెబ్బలకి నా పొలుసులూడాయి," అంది ఎర్రమోసు.

మూడూ అలిగాయి. బొచ్చె ఆకాశంవైపు మూతి తిప్పుకుంది. ఎర్రమోసు బురదవైపు తిప్పుకుంది. శీలావతి నడుమ నాచులో దూరి, పెదాలు కుచ్చిళ్లలా ముడుచుకుంది.

మర్నాడు తవుడు చల్లితే ఒక్కటీ రాలేదు. గవరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పస్తుండి చస్తాయే! నువ్వైనా చెప్పవే," అని బాతుని బతిమాలింది.

బాతు మునిగి చూసొచ్చింది. "పస్తా? నోళ్లు ఆడుతూనే ఉన్నాయి!"

"ఏం తింటున్నాయే?"

"అంతా మా చలవే. ఇంకేం అడక్కు," అని బాతు కిసుక్కున నవ్వింది.

తవుడు కోసం ఉరికినన్నాళ్లూ చేపలు చూసుకోలేదు గానీ, రెట్ట కరిగి నీళ్లు పచ్చబడ్డాయి. పైన నలకంత పురుగులు పుట్టాయి. నడుమ నాచు పెరిగింది. అడుగున బురద కమ్మగా మెత్తబడింది. ఎటు మూతి తిప్పుకున్నదానికి అటే తిండి!

కోతలయ్యాయి. అప్పలకొండ పార భుజాన వేసుకుని వచ్చాడు. గవరమ్మ వల విసిరింది. లాగితే కదల్లేదు.

"చూస్తావేం? వచ్చి పట్టు!"

అతను పార పడేసి పట్టాడు. వలలో మూరెడేసి చేపలు! గవరమ్మ తట్టెడు కూరకుంచుకుని, మిగిలినవి నీళ్లలోకి వదిలేసింది.

"ఇక అలక మానండి. మూతులు సరిచేసుకోండి," అంది బాతు.

"సరిచేసుకుంటే మళ్లీ తవుడు దగ్గర తన్నుకోవాలి. మాకిలాగే బాగుంది," అంది బొచ్చె.

అప్పటినుంచే బొచ్చె మూతి పైకి, ఎర్రమోసు మూతి కిందికి ఉంటాయి. శీలావతి పెదాలకు కుచ్చిళ్లుంటాయి. ఒకే చెరువులో మూడూ కలిసే బతుకుతాయి, ఎవరి వైపు వాళ్లు తింటూ.