వాసన లేని పలక

అనగనగా ఒక ఊళ్ళో... మన సామర్లకోట పక్కన కాదు, సముద్రాలు దాటి మొరాకో అనే దేశంలో, ఇజ్జా అని ఒక ఇల్లాలు ఉండేదిట. కాకినాడ రేవుకి ఎరువులు చేసే రాయి మోసుకుని ఓడలు వచ్చేవి ఆ దేశం నుంచే. మీ తాతయ్య ఓడవాళ్ళ దగ్గర కూచుని ఈ కథ విని వచ్చారు. తెమ్మన్న చింతపండు మర్చిపోయారు గానీ, కథ మాత్రం పొల్లుపోకుండా తెచ్చారు.

ఊ కొడుతున్నారా? శర్వాణీ, నీ ఊ ఇవాళ మహా హుషారుగా ఉంది. పక్కబెంచీ పిల్ల అన్నం డబ్బాలో ఏముందో బడంతా చాటి వచ్చావుటగా, ఆ హుషారేమో.

సరే. ఆ ఊరికి ఒక పక్క మంచుకొండలు, ఇంకో పక్క ఇసుక ఎడారి, నడుమ మట్టి ఇళ్ళు. ఎవరింటికి వెళ్ళినా పుదీనా టీ ఇస్తారు. అంత ఎత్తునుంచి గ్లాసులోకి ధారగా పోస్తారు, మీ పెద్దత్త మజ్జిగ పోసినట్టు చుక్కాచుక్కా కాదు. వాళ్ళకి రొట్టే అన్నం. పొద్దున్నే పిండి కలిపి, గుండ్రంగా తట్టి, చెక్క పలక మీద పరిచి, గుడ్డ కప్పి ఊరుమ్మడి పొయ్యికి మోసుకెళ్తారు. కలిసిపోకుండా రొట్టె మీద ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. ఇజ్జా మూడు గీతలు గీసేది. పక్కింటి యామ్నా, మొగుడు పోయిన మనిషి, వేలితో రెండు గుంటలు నొక్కేది.

ఇజ్జా ముక్కు మహా ముక్కు. వీధిలో పలక వెళ్తుంటే తలుపు తియ్యకుండానే ఫలానా వాళ్ళ రొట్టె మాడింది, ఫలానా వాళ్ళది పులిసింది అని చెప్పేసేది. ఒకావిడ రొట్టె ఆవిడ మొగుడిలాగే, ఎంత వేడి తగిలినా లేవదంది. యామ్నా ఒకసారి ఊక కలిపిన పిండి తెస్తే, పొయ్యి దగ్గర అందరి ముందూ అడిగింది.

"అక్కా, ఈ రొట్టె నీకా, నీ గాడిదకా?"

అందరూ నవ్వారు. యామ్నా పలక మీద గుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు వాన లేదు. వాన లేక బార్లీ లేదు, బార్లీ లేక పిండి లేదు, పిండి లేక రొట్టె లేదు, రొట్టె లేక ఇజ్జాకి మాట లేదు. మొగుడు పని వెతుక్కుంటూ పట్నం పోయాడు. ఇద్దరు పిల్లలు. కుండలో పిండి అడుగంటింది.

అప్పు అడుగుదామా అంటే ఏ గుమ్మం ఎక్కుతుంది? ప్రతి గుమ్మం మీదా తన మాట ఒకటి కాపలా కూచుని ఉంది. పలక వెళ్ళకపోతే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. అదెలా పాకుతుందో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

అందుకని ఏం చేసిందిటా? వాగులోంచి గుండ్రటి రాళ్ళు ఏరుకొచ్చి, పలక మీద పరిచి, గుడ్డ కప్పింది. మన పొయ్యి కన్నా కొండవతల ఊరి పొయ్యి బాగా కాలుస్తోందని అందరితో అంటూ, కొండ చుట్టి, అవే రాళ్ళు ఇంటికి తెచ్చుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పిల్లలకి ఆలివ్ కాయలూ, ఉడికించిన అడవి ఆకూ పెట్టేది. ఎవరూ ఏమీ అడగలేదు. తన తెలివికి తనే మురిసింది.

ఒక్కటి మర్చిపోయింది. ఏమిటది? చెప్పలేరు, మీరు కడుపునిండా తిని పడుకున్నారు. కాలిన రొట్టె వీధిలో వస్తే వాసన రాదూ? ఊరందరి వాసనా పట్టిన ముక్కు, తన పలక ఉత్త గాలిలా వస్తోందని పట్టలేదు. ఊరు మాత్రం మొదటి రోజే పట్టింది.

ఒక పొద్దున మలుపులో యామ్నా ఎదురొచ్చి పలక అందుకుంది. బరువుకి చేతులు కిందికి వాలాయి. గుడ్డ ఎత్తలేదు.

"ఇవాళ మన పొయ్యిలోనే కాల్పిస్తాను. ఎండలో కొండ చుట్టూ ఎందుకులే."

ఇజ్జాకి నేల చీలితే బావుండుననిపించింది. యామ్నా పలకతో పొయ్యింట్లోకి వెళ్తే, తను బయట గోడవారగా కూలబడింది. రాతి రొట్టె మీద ఎన్ని హాస్యాలు ఆడొచ్చో అన్నీ వరసగా ఆవిడకే తోచాయి. ఒకదాన్ని మించి ఒకటి. లోపల్నుంచి నవ్వు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చెవులు మూసుకుంది.

నవ్వు రాలేదు. వాసన వచ్చింది.

యామ్నా పలక తెచ్చి ఇజ్జా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి గుడ్డ తీస్తే రొట్టెలు. ఒకదాని మీద చుక్క, ఒకదాని మీద సున్నా, ఒకదాని మీద ఆకు. తను వేళాకోళం చేసిన ప్రతి ఇంటి గుర్తూ ఉంది. అన్నిటికన్నా పైన ఊక రొట్టె, రెండు గుంటలతో. పిల్లలు తిన్నారు. ఇజ్జా తలగుడ్డతో మొహం కప్పుకుంది.

సాయంత్రం యామ్నా గుమ్మంలోకెళ్ళి, తల వంచుకుని అంది.

"అక్కా, ఆ రోజు గాడిద అన్నాను."

"గాడిద ఏమీ అనుకోలేదులే. టీ తాగు."

తర్వాత వాన వచ్చె, వానకి బార్లీ వచ్చె, బార్లీకి పిండి వచ్చె, పిండితో మొగుడూ వచ్చె. ఇజ్జా నోరు మానేసిందా అంటే, ఎక్కడ మానుతుంది? మేకల్నీ, గాలినీ, మొగుణ్ణీ అనేది. కానీ రోజూ గుర్తు పెట్టని రొట్టె ఒకటి ఎక్కువ చేసి పొయ్యి అరుగు మీద వదిలేసేది. ఎవరు తీసుకుంటారో చూడకుండా మొహం తిప్పుకునేది. ఊళ్ళో అందరూ అదే అలవాటు చేసుకున్నారు, అందరూ చల్లగా ఉన్నారు.

మనం అన్న మాటలే, మనకి ఆకలేసిన రోజున తలుపులకి అడ్డం పడుకుంటాయర్రా. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి పోదాం.

శర్వాణీ, ఊ ఆగిపోయిందేం? ఏడవకు. రేపు నీ డబ్బాలో గారెలు నాలుగు ఎక్కువ పెడతాలే. ఎవరికని నేను అడగను.