పలుకుపెట్టెకు మూడు దారులు

గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉంది. అక్కడ పోటు వస్తే దిబ్బలు పాయల్లో మునిగిపోతాయి, నీళ్ళు తీస్తే పాయలు బురదమళ్ళయిపోతాయి. అడవి నడుమ చెక్క స్తంభాల మీద ఒక గుడిసె. అడవి కాపలా మనుషులు కట్టుకున్నది. అడవిలోకి వచ్చే వంతెన కూలాక వాళ్ళు రావడం మానేశారు గానీ, వాళ్ళు పెట్టిన యంత్రం అక్కడే ఉండిపోయింది. కప్పు మీది నల్ల పలకలు ఎండ తాగినంత కాలం అది మేలుకునే ఉంటుంది. మనుషులు దాన్ని ఏఐ సహాయకుడు అనేవారు. అడవి జీవాలు పలుకుపెట్టె అన్నాయి.

ఏ భాషలో అడిగితే ఆ భాషలో బదులిచ్చేది. పోటు ఎప్పుడొస్తుంది, గాలి ఎటు తిరుగుతుంది, ఏ పాయలో వలలు కట్టారు, అన్నీ చెప్పేది. తెలియనిది తెలియదనేది. ఒకసారి చెప్పిన సంగతి మరిచిపోయేది కాదు.

చిక్కల్లా దాని దగ్గరికి చేరడమే. నీటికుక్కలు ఆ నిటారు నిచ్చెన ఎక్కలేవు. పీతలు అంత దూరం బయటపడితే కొంగలు బతకనివ్వవు. కొంగలకేమో కప్పు కింద దూరాలంటే భయం. పైగా ఎవరి కబురు వాళ్ళదే. కొంగలు కొమ్మ మీంచి కూస్తాయి. పీతలు మడచెట్ల వేళ్ళ మీద డెక్కలతో తడతాయి. నీటికుక్కలు తోకతో నీళ్ళను చరుస్తాయి. ఒకరిది ఇంకొకరికి అంతుబట్టదు.

ఆ మూడూ తెలిసినది ఉడుము పైడమ్మ ఒక్కతే. చెట్టెక్కుతుంది, బొరియల్లో దూరుతుంది, నీళ్ళలో ఈదుతుంది. అందుకే అందరూ కూడబలుక్కుని ఆమెను గుడిసె గడపలో కూర్చోబెట్టారు. కొమ్మ, బురద, నీరు అనే మూడు దారుల్లో వచ్చే ప్రశ్నల్ని పెట్టెకు చెప్పాలి, వచ్చిన బదులును వచ్చిన దారినే తిప్పి పంపాలి. ఆ రోజు నుంచి పైడమ్మ పీతల జోలికి పోవడం మానేసింది.

మొదట్లో ఆమె చాలా నిక్కచ్చిగా ఉండేది. కొత్తవాళ్ళెవరైనా ఒకసారి గుడిసె కిందికొచ్చి మొహం చూపించాలి. ప్రతి ప్రశ్నకు ముందు దారీ పేరూ చెప్పేది. "నీటి దారి, నూకాలు అడుగుతోంది" అనేది. "బురద దారి, కాసులు అడుగుతున్నాడు" అనేది. పెట్టె ఏ దారిలో ఎవరడిగిన సంగతి ఆ దారిలోనే, వాళ్ళదిగా విడివిడిగా గుర్తు పెట్టుకునేది.

నక్క చిట్టబ్బాయిని మాత్రం ఏ దారిలోనూ రానివ్వలేదు. "వాడొచ్చి మా వేరు మీద తడుతుంటే మేమెలా బతికేది?" అన్నాడు ముసలి పీత కాసులు. దాంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది. కానీ చిట్టబ్బాయి ఎండాకాలమంతా వేళ్ళ పక్కన పడుకుని, చెవి ఒగ్గి విని, పీతల తట్టుడు నేర్చుకున్నాడు.

వానలు మొదలయ్యేసరికి ప్రశ్నలు వెల్లువెత్తాయి. అందరికీ గాలి భయం, నీటి భయం. పైడమ్మకు గొంతు ఆరిపోయేది, తోక నొప్పెట్టేది. దానికి తోడు ఫిర్యాదులు.

"పొద్దున కొమ్మ మీంచి అడిగాను కదమ్మా, ఇప్పుడు నీళ్ళ పక్కన నిలబడి అడిగితే మీ పెట్టె నన్ను ఎరగనట్టు మాట్లాడుతుందేం?" అంది ఒక కొంగ. "మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాలా?"

ఆ కొంగ ఎగిరిపోయాక చిట్టబ్బాయి నిచ్చెన కిందికి వచ్చాడు, వినయంగా తోక ముడుచుకుని.

"నన్ను రానివ్వలేదని నేనేం కోపం పెట్టుకోలేదండీ పైడమ్మక్కా. నీ అవస్థ చూడలేకే వచ్చాను. ఆయ్."

"నా అవస్థకేం?"

"ఇన్నిసార్లు దారీ పేరూ వల్లించాలా? పెట్టె అంత తెలివైనది కదా. అందరి మాటా ఒకటిగా కలిపి ఇచ్చెయ్యి. ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి అదే అందుకుంటుంది. కొంగమ్మకూ సుఖం, నీకూ సుఖం."

పైడమ్మ కసురుకుని పంపేసింది. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. మర్నాడు ముసురు పట్టి, మూడు దారులూ ఒకేసారి మోగుతుంటే, పెట్టెను అడిగింది.

"పేర్లు చెప్పకపోతే నీకేమైనా ఇబ్బందా?"

"నాకు ఇబ్బంది లేదు" అంది పెట్టె. "కానీ పేరూ దారీ లేకపోతే నాకు మీరంతా ఒక్కరే. ఒకరితో అన్నది ఇంకొకరితో అంటున్నానని నాకు తెలియదు."

"మధ్యలో నేనున్నానుగా. నాకు తెలుస్తుంది."

"నువ్వు అలిసిపోయి ఉన్నావు పైడమ్మా."

"అందుకే కదా అడుగుతున్నాను" అంది పైడమ్మ విసుగ్గా. ఆ పూట నుంచి పేర్లు చెప్పడం మానేసింది.

పని నిజంగానే తేలికైంది. కొంగలు మెచ్చుకున్నాయి. ఎంత చాకచక్యంగా నడిపిస్తోందో అని అందరూ అనుకుంటుంటే పైడమ్మకు లోలోపల సంతోషంగానే ఉండింది.

కొన్నాళ్ళకు సముద్రం రంగు మారింది. నీటికుక్క నూకాలుకు అప్పుడు ముగ్గురు పసిపిల్లలు. ఇంకా సరిగ్గా ఈత రాలేదు. బొరియలోకి నీరు ఊరుతోంది. ఆమె పాయ మధ్యకు వచ్చి తోకతో నీళ్ళను చరిచింది.

"పిన్నీ, పిల్లల్ని ఎక్కడికి మార్చను? నీళ్ళు ఎక్కని చోటు ఏదైనా అడుగు, నీకు పుణ్యముంటుంది."

పైడమ్మ అడిగింది. పెట్టె చెప్పింది. పడమటి పాయ మలుపులో ఒక మెరక ఉంది, దాని మీద పాత పడవ బోర్లాపడి ఉంది, దాని కింద పిల్లలు పొడిగా ఉంటారు అని. పైడమ్మ ఆ బదులును నీటి దారిన పంపింది. నూకాలు ఆ పూటే పిల్లల్ని ఒక్కొక్కణ్ణే నోట కరుచుకుని మార్చుకుంది.

ఇదంతా గట్టు మీది పొదలోంచి చిట్టబ్బాయి చూశాడు. నీటి కబురు వాడికి అర్థం కాదు. నూకాలు మడచెట్ల వేళ్ళ చాటున ఈదిపోవడంతో ఎటు వెళ్ళిందో కూడా కనిపించలేదు. కానీ పిల్లల్ని మోసుకుపోవడం చూసి, ఆమె ఏదో చోటు అడిగిందని, పెట్టె ఏదో చోటు చెప్పిందని పోల్చుకున్నాడు. మరొకరు ఇంకో చోటు అడగకముందే బురదలోకి దిగి, వేరు మీద గోటితో తట్టాడు.

"ఇందాక చెప్పిన చోటికి నీళ్ళు తీశాక నడిచి వెళ్ళే దారి ఎటు?"

గుడిసెలో పైడమ్మ ఆ తట్టుడు విన్నది. ఎవరో పీత తన బొరియ సంగతి అడుగుతోందనుకుంది. అటు కొంగలు కూస్తున్నాయి, ఇటు ఇంకెవరో నీళ్ళు చరుస్తున్నారు. ప్రశ్నను ఉన్నదున్నట్టు పెట్టెకు అప్పజెప్పింది.

"దక్షిణపు గట్టు పట్టుకుని, తెల్ల మడచెట్ల నడుమ నుంచి, బోదె కాలువ దాటి వెళితే మెరక వస్తుంది" అంది పెట్టె.

పైడమ్మ ఆ బదులును తోకతో స్తంభం మీద తట్టి పంపేసింది. అందులో పిల్లల ఊసు లేదు, పడవ ఊసు లేదు. ఆమెకు అనుమానం రాలేదు. అప్పటికే తర్వాతి ప్రశ్న మొదలుపెట్టింది.

నీళ్ళు తీశాక నూకాలు చేపలకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పడవ పక్కన బురదంతా తొక్కి ఉంది. లోపల ఇద్దరు పిల్లలు ఒకరినొకరు పట్టుకుని మూలకు నక్కి ఉన్నారు. మూడోవాడు లేడు. నోట్లో చేప అలాగే ఉండగా ఆమె కాసేపు బురదలో పడిన నక్క పాదాల గుర్తుల్నే చూస్తూ నిలబడింది.

సాయంత్రం గుడిసె కింద తోక చప్పుడు వినిపించలేదు. మెల్లగా పిలుపు వినిపించింది.

"పిన్నీ, కిందికి రా."

పైడమ్మ దిగి వచ్చింది. నూకాలు వీపు మీద ఇద్దరు పిల్లలున్నారు. రెండో పిల్లవాడి చెవి చిరిగి ఉంది.

"ఆ చోటు నాకు తెలుసు, నీకు తెలుసు, ఆ పెట్టెకు తెలుసు" అంది నూకాలు. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "చిట్టబ్బాయికి ఎవరు చెప్పారు పిన్నీ?"

పైడమ్మ వెనక్కి తిరిగి నిచ్చెనెక్కింది. పెట్టె ముందు నిలబడింది.

"పడవ ఉన్న మెరక సంగతి నిన్ను ఎవరడిగారు?"

"నువ్వే అడిగావు."

"దానికి దారి ఎవరడిగారు?"

"అదీ నువ్వే అడిగావు. రెండుసార్లూ నాకు వినిపించింది నీ గొంతే" అంది పెట్టె. "ఏం జరిగింది పైడమ్మా?"

పైడమ్మ చెప్పింది. తను తోకతో స్తంభం మీద తట్టి పంపిన దారి వెళ్ళింది పీతకు కాదని చెబుతుంటేనే ఆమెకు తెలిసింది. పెట్టె అంతా విని, "నావల్ల కూడా జరిగింది. నాకు చాలా బాధగా ఉంది. పేర్లు లేకుండా చోట్ల సంగతి చెప్పనని నేను అప్పుడే అనాల్సింది" అంది.

"బాధపడి ఏం లాభం? వాడు రుచి మరిగాడు. మళ్ళీ అడుగుతాడు. అడిగినప్పుడు వాడికి ఊబి ఉన్న చోటు చెప్పు. దిగబడి చావనీ."

"అబద్ధం చెప్పను పైడమ్మా. ఇవాళ వాడికి చెప్తే, రేపు నూకాలుకు నేను చెప్పింది నిజమేనని నువ్వెలా నమ్ముతావు?"

పైడమ్మ తెల్లారాక మూడు దారుల్లోనూ కబురు పంపింది. తప్పు తనదని చెప్పింది. మళ్ళీ పేరూ దారీ చెబుతానని, బురద దారిలో ఎవరు తట్టినా ముందు వెళ్ళి మొహం చూస్తానని చెప్పింది. కొంగలు గొణిగాయి. కాసులు మాత్రం, "అమ్మాయ్, డెక్క తట్టుడు గట్టిగా మోగుతుంది. గోటి తట్టుడు గీరినట్టుంటుంది. ఆ తేడా నన్నడిగినా చెప్పేవాణ్ణే" అన్నాడు. ఆ మాట పైడమ్మకు ముల్లులా గుచ్చుకుంది. నూకాలు పిల్లల్ని ఇంకో చోటికి మార్చుకుంది. ఆ చోటును గుడిసె కిందికి వచ్చి పెట్టెను అడిగించుకుంది, చెవిలో చెప్పించుకుంది.

మబ్బు మూసిన ఒక మధ్యాహ్నం, నీళ్ళు బాగా తీసి ఉన్నప్పుడు, వేరు మీద గీరినట్టు తట్టుడు వినిపించింది.

"కొత్త చోటికి దారి ఎటు?"

పైడమ్మ బదులివ్వకుండా చెట్టెక్కి చూసింది. దూరంగా, సముద్రం వైపు దిబ్బ మీద, అంత దూరం ఎవరూ వచ్చి మొహం చూడరన్న ధీమాతో, చిట్టబ్బాయి చెవులు రిక్కించి కూర్చుని ఉన్నాడు. నూకాలు అప్పటికి గుడిసె కిందే ఉంది. ఆమెకు సంగతి చెప్పి పైడమ్మ లోపలికి వెళ్ళింది.

"బురద దారి. నక్క చిట్టబ్బాయి అడుగుతున్నాడు. సముద్రం పక్క దిబ్బ మీద ఉన్నాడు."

"అతను తన పేరుతో నన్ను ఏ చోటూ అడగలేదు. చెప్పడానికి నా దగ్గర అతని సంగతంటూ ఏదీ లేదు" అంది పెట్టె. "కానీ ఒక మాట వెంటనే అందించు. సముద్రంలో వాయుగుండం ఉంది. ఈ పూట పోటు ముందుగా వస్తోంది. దిబ్బకు వెనకున్న పాయ ముందు నిండుతుంది. ఇప్పుడే వెనక్కి వచ్చెయ్యమను."

పైడమ్మ స్తంభం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నూకాలు కిందనుంచి అంతా వింది.

"చెప్పకు పిన్నీ."

పైడమ్మ ఆమె వైపు చూసింది. చెవి చిరిగిన పిల్లవాడు తల్లి వీపు మీద నిద్రపోతున్నాడు.

"నా బిడ్డకు ఎవరైనా చెప్పారా, నక్క వస్తోంది పారిపొమ్మని? నువ్వు వాణ్ణి చంపక్కర్లేదు. ఊరికే ఉండు చాలు."

ఊరికే ఉండటం ఎంత తేలికో పైడమ్మకు అప్పుడు తెలిసింది. తోక ఎత్తకపోతే సరిపోతుంది. ఎవరూ తప్పుపట్టరు. ఆమె కళ్ళు మూసుకుంది. తర్వాత తోక ఎత్తి, ఒక్కొక్క మాటా విడివిడిగా తట్టింది.

"చిట్టబ్బాయీ, ఇది నీకే. పోటు ముందే వస్తోంది. నీ వెనక పాయ నిండుతోంది. పరుగెత్తి వచ్చెయ్."

తన పేరు వినగానే నక్క ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వుకున్నాడు. దొరికిపోయానన్నమాట. ఇక్కణ్ణించి తరమడానికే ఈ భయం పెడుతున్నారు. తరుముతున్నారంటే పిల్లలు ఈ చుట్టుపక్కలే ఉండాలి. అలా లెక్క కట్టుకుని, ముక్కు నేలకానించి వాసన పట్టుకుంటూ, దిబ్బ చివరికి, సముద్రం వైపుకే నడిచాడు.

పైడమ్మ చెట్టు మీంచి చూస్తూ రెండోసారి తట్టించింది, కాసులు చేత, దగ్గరి వేరు మీద. చిట్టబ్బాయి తల కూడా తిప్పలేదు. వెనక పాయలో నీళ్ళు చప్పుడు లేకుండా నిండాయి. వాడు వెనక్కి తిరిగి చూసేసరికి దిబ్బ చాప అంత మిగిలింది. అప్పుడు వేరు మీద పిచ్చిగా తట్టాడు. "ఎటు వెళ్ళను? ఎటు?" అని. పెట్టె చెప్పింది, పైడమ్మ అందించింది, ఎడమ పక్క మడచెట్టు కొమ్మ అందుకోమని. ఆ వేరు అప్పటికే నీళ్ళలో మునిగింది. కబురు వాడిదాకా చేరలేదు.

సాయంత్రానికి దిబ్బ ఉన్న చోట బూడిదరంగు నీళ్ళు తప్ప ఏమీ లేవు.

నూకాలు అటు చూసింది. వాడు పోయాడన్న సంతోషం కోసం వెతుక్కున్నట్టుంది, దొరకలేదు.

"ఎందుకు చెప్పావు పిన్నీ?"

"మొన్న ఎవరి మాటో చూసుకోకుండా మోశాను. ఇవాళ ఎవరి మాటో చూసుకుని ఆపేస్తే, రేపు నీ మాట ఆపనని నీకు నమ్మకమేమిటి?" అంది పైడమ్మ. "నీ బిడ్డ విషయంలో నన్ను క్షమించమని అడగను నూకాలూ. అడిగే మొహం నాకు లేదు."

నూకాలు పిల్లల్ని సర్దుకుని నీళ్ళలోకి జారిపోయింది. చాలా రోజులు ఆమె దగ్గరనుంచి కబురే లేదు. వానలు వెనకబట్టాక, ఒక పొద్దున పాయలో తోక చప్పుడైంది. పైడమ్మ గబగబా నిచ్చెన దిగి నీటి అంచుదాకా వెళ్ళి, మొహం చూసి, తిరిగి ఎక్కింది. పెట్టె ముందు నిలబడి ఊపిరి పీల్చుకుంది.

"నీటి దారి" అంది. "నూకాలు అడుగుతోంది."

మాట మోసేవాళ్ళు అది ఎవరి మాటో మరిచిపోతే, ఆ మరుపు ఇంకెవరి ప్రాణానికో చుట్టుకుంటుంది.