పదివేల ఏడు

"లేదని తేల్చుకోవాలంటే ఎంతదూరం వెతకాలి స్వామీ?" అని అడిగాడు కేదారి. కుదురుగా కూర్చుని కాదు, అరుగు మీద ఆ కొసకీ ఈ కొసకీ తిరుగుతూ అడిగాడు.

గోదావరి గట్టున గణితం చెప్పే తిరువెంగళాచార్యులుగారికి ఒక అలవాటుంది. శిష్యుడికి మంత్రం ఇచ్చినట్టు ఒక పెద్ద సంఖ్యనిచ్చి, దాని గుణం కనిపెట్టమనేవారు. కేదారికి దక్కింది పదివేల ఏడు. రెండు చిన్న సంఖ్యల్ని హెచ్చవేస్తే అది వస్తుందా, లేక దేనికీ లొంగకుండా ఒంటిగా నిలుస్తుందా? రెండుతో మొదలుపెట్టి ఒక్కొక్కదానితోనే భాగిస్తూ పోయాడు. వంద దాటాడు, ఆరువందలూ దాటాడు. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలిపోయేది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది, ఆ తరువాతి సంఖ్య సరిపోతుందేమోనని.

అవతలి ఒడ్డున అతను మనసుపడ్డ మాణిక్యం ఉంది. "వరదకి పడవలు ఆగేలోగా వచ్చి మా నాన్నని అడుగు. లేకపోతే శ్రావణంలో నన్ను ఇంకొకరికి ఇచ్చేస్తారు" అంది. లెక్క తేలగానే వస్తానన్నాడు కేదారి. గోదారి అప్పుడే ఎర్రబడింది. లెక్క మాత్రం తేలలేదు.

ఆచార్యులుగారు గట్టుకేసి చూడమన్నట్టు గడ్డం ఎత్తారు.

అక్కడ ఎవరో ఆలుమగలు తప్పిపోయిన దూడకోసం గాలిస్తున్నారు. ఎగువ కొసనుంచి అతను, దిగువ కొసనుంచి ఆమె. ఇద్దరూ అరుగు ఎదుటికొచ్చి కలుసుకున్నారు.

"అటు లేదా?" అన్నాడతను.

"లేదు. నీ వైపో?"

"నా వైపూ లేదే!" అంటూ అతను ఆమె వచ్చిన దారిలోకే పరుగు తీయబోయాడు. ఆమె అతని తువ్వాలు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎక్కడికి మావా? నేను చూసొచ్చిన గట్టే మళ్ళీ చూస్తావా? నా కళ్ళేమన్నా కాకులెత్తుకుపోయాయా? గట్టు మీద లేదంటే లేదు. పద, తోటల్లో చూద్దాం."

కేదారి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. శేషం లేకుండా భాగించే ప్రతి సంఖ్యకీ ఒక జత ఉంటుంది కదా! చిన్నది పెరిగేకొద్దీ దాని జత తగ్గుతూ వస్తుంది. వంద వందలు పదివేలు కనుక రెండూ వంద దగ్గర ఎదురుపడి తీరాలి. వంద అవతల ఏదన్నా దాక్కుని ఉంటే, దాని జత వందలోపే దొరికి ఉండేది. ఆ వందలోపంతా తాను ఏనాడో చూసేశాడు.

"ఇది విడిపోయేది కాదు స్వామీ. వంద దగ్గరే తేలిపోయింది." తిరుగుతున్నవాడల్లా అరుగు అంచున ఆగాడు. "మరి ఆ తరువాత ఇన్నాళ్ళూ నేను వెతికిందేమిటి?"

"ఆ పిల్ల తండ్రి మహా కోపిష్ఠి అని విన్నాను" అన్నారు ఆచార్యులుగారు.

కేదారి తల దించుకున్నాడు. గట్టు కింద నీళ్ళు హోరెత్తుతున్నాయి.

"నీ వంతు నువ్వు నడవకపోతే" అన్నారాయన మెల్లగా, "అటునుంచి వచ్చేవాళ్ళకి దారి పెరుగుతుంది నాయనా."