పేరు లేని పులి

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల ఆ గుసగుసలు ఆగితేనే కథ.

బొబ్బిలి ఊరి చివర డేరా వేసిన ఒక సర్కసులో, కొరడా చప్పుడుకి లొంగనిది ఈ లోకంలోనే లేదని విర్రవీగే అప్పలసూరి ఉండేవాడు. పులులను ఆడించడం అతని పని. బరిలో జంతువును పేరు పెట్టి పిలవకూడదని అతని నియమం. "పేరు పెడితే చనువు. చనువిస్తే మాట వినదు" అనేవాడు. కొరడా చెళ్ళుమంటే పులి ఇనప పీట ఎక్కాలి. అంతే. వాటిని పేరు పెట్టి పిలిచేది మాంసం వేసే అతని అక్క ఎర్రమ్మ ఒక్కతే.

ఒకనాడు సర్కారువాళ్ళు వచ్చారు. ఇకమీద పులులను ఆడించకూడదన్నారు. వాటిని వ్యాన్లలో ఎక్కించి, అడవి పక్కన వాటికోసం కట్టిన చోటుకి తీసుకుపోయారు. బోనులు ఖాళీ అయ్యాయి. కొన్నాళ్ళకి డేరా కూడా ఖాళీ అయ్యింది. పులి లేని సర్కసుకి ఎవరొస్తారు?

అప్పలసూరికి తల్లి లేని కూతురు ఉంది. పేరు పైడితల్లి. ఆ పిల్లకి చారల చొక్కా కుట్టించాడు. "ఇవాళ్టి నుంచి నువ్వే పులివి. కొరడా మోగితే పీట ఎక్కు" అన్నాడు.

"నాన్నా, నాకు భయమేస్తోంది."

"పులి మాట్లాడుతుందా? నోర్ముయ్!"

ఎర్రమ్మ అడ్డొచ్చింది. "ఓరి సూరిగా, అది పిల్లరా! పేరెట్టి పిలవరా దాన్ని."

"నీ ముద్దులన్నీ అన్నం దగ్గర చూసుకో అక్కా. ఇది బరి. పని నేర్చేదాకా పేరూ లేదు, గీరూ లేదు" అని నవ్వాడు.

పైడితల్లి తొందరగానే నేర్చుకుంది. మరీ తొందరగా నేర్చుకుంది. రానురాను మాటలు తగ్గాయి. పిలిస్తే పలికేది కాదు. గొంతులో ఏదో గురగురమనేది.

ఒక సాయంత్రం ఆట వేళకి పిల్ల కనబడలేదు. అప్పలసూరి బోనుల వైపు వెళ్ళాడు. లోపల ఎవరో నడుస్తున్నారు. పులి తిరిగి తిరిగి అరగదీసిన చెక్కల మీద, అదే దారిలో, పైడితల్లి నడుస్తోంది. ఊచల దాకా వెళ్ళి తల తిప్పుతోంది. మళ్ళీ వెనక్కి. కడిగి ఆరబెట్టిన బోను అది. అయినా పులి వాసన గుప్పుమంది.

"పైడితల్లీ!" అని అరిచాడు.

ఆ అరుపుకి పిల్ల ఒక్క దూకున బరిలోకి పోయి పీట ఎక్కి కూర్చుంది. చుట్టూ ఉన్న ఖాళీ పీటలు కూడా, ఎవరో ఎక్కుతున్నట్టు, ఒకటొకటిగా కిర్రుమన్నాయి.

"అమ్మా, నేనే, నాన్నని!" పిల్ల అతని మొహం చూడలేదు. చేతిలో కొరడాకేసి చూస్తోంది.

అప్పలసూరి అక్క దగ్గరికి పరుగెత్తాడు. "అక్కా, నా బిడ్డ నన్ను పోల్చుకోవడం లేదు!"

"నిన్నెప్పుడు చూసిందిరా అది? కొరడానే చూసింది. ముందు దాన్ని విరిచెయ్. ఇదిగో, అన్నం కలుపు."

అతను కొరడా కర్రను మోకాలికేసి విరిచాడు. పప్పన్నం కలిపి బరిలో ఇసక మీద చతికిలబడ్డాడు. మెత్తగా పిలుద్దామంటే చేతకాలేదు. మెత్తగా పిలిచిన అలవాటుంటే కదా!

"పైడీ..." అన్నాడు చివరికి. "అన్నానికి రా, నా తల్లి కదూ."

ఒక పీట కిర్రుమంది. ఇంకొకటి. ఏవో దిగుతున్నట్టు. ఇసక మీద మెత్తటి చప్పుడు అతని పక్కనుంచే సాగి, డేరా గుమ్మం దాటిపోయింది. పులి వాసన పోయింది. అప్పుడు పైడితల్లి పీట దిగి వచ్చింది.

"నాన్నా, ఆకలేస్తోంది" అంది.

ఆ బోనులు పాత ఇనప సామాన్లోకి పోయాయి. అప్పలసూరి మళ్ళీ కొరడా పట్టలేదు.

విన్నారుగా! భయపెడితే లొంగేది ఒళ్ళే, మనసు రావాలంటే పేరు పెట్టి ప్రేమగా పిలవాలి. అదిగో, మీ అమ్మలు మిమ్మల్ని పేరు పేరునా పిలుస్తున్నారు. లేవండి, పోయి అన్నాలు తినండి.