రంగులు తేలిన నీళ్ళు

అనగనగా సముద్రం ఒడ్డున జాలర్ల ఊరొకటి ఉండేది, బుజ్జీ. ఆ ఊళ్ళో ఎల్లాజీ అని ఒకడుండేవాడు. ఒడ్డు దగ్గర చేపలు తగ్గిపోయాయని, వాడూ వాడి బావమరిదీ బోటేసుకుని ఒడ్డు కనిపించనంత దూరం వెళ్ళేవాళ్ళు. అక్కడ నీళ్ళు ఎంత నీలంగా ఉంటాయనుకున్నావు!

ఒకనాడు పొద్దున్నే చూస్తే ఆ నీళ్ళ మీద నెమలికంఠం రంగు తెట్టు తేలుతోంది. ముక్కు మండిపోయే వాసన. రెక్కల చేపలు ఎగరబోయి, ఎగరలేక పడిపోతున్నాయి. ఊపిరి కోసం ఒక తాబేలు తల పైకెత్తింది. దాని కళ్ళు పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. ఎల్లాజీ దాన్ని బోటులోకి లాగి, తాగే నీళ్ళతో కళ్ళు కడిగాడు. వాడి ఒళ్ళోనే అది చచ్చిపోయింది.

తలెత్తితే ఎదురుగా పెద్ద ఓడ. దాని గొట్టంలోంచి పసుప్పచ్చటి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

అప్పుడు ఎల్లాజీ బోటుని ఓడ దగ్గరికి పోనిచ్చి, "ఓయ్, ఆపండి!" అని గొంతు చించుకుని అరిచాడు. పైనుంచి ఒకడు తొంగి చూశాడు. పొమ్మని చెయ్యి ఊపి లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఎల్లాజీ తాబేలుని గోనెసంచిలో వేసుకుని రేవు ఆఫీసుకి వెళ్ళాడు. ఆఫీసరు ముక్కు మూసుకున్నాడు.

"ఓడ పేరేంటి?"

"నాకు సదువు రాదు బాబూ."

"మరి ఎవరి మీద రాయను? అంత సముద్రంలో ఆ కాస్తా కలిసిపోతుందిలే, వెళ్ళు."

ఆ తర్వాత కులపెద్ద దానయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆయన వాడికి పిల్లనిచ్చిన మామ. మనవాళ్ళయినా వింటారనుకున్నాడు. సంగతి వినగానే దానయ్య వాణ్ణి లోపలికి లాగి గబగబా తలుపేశాడు.

"ఇంకెవరికైనా సెప్పావేట్రా? ఇది పట్నంలో తెలిస్తే మన చేప ఎవడు కొంటాడు? ఊరంతా పస్తే!"

"మరి తినేవోళ్ళు, మావా?"

దానయ్య నేల చూపులు చూస్తూ తలుపు తీసి, వెళ్ళమన్నట్టు పక్కకి తప్పుకున్నాడు.

మర్నాడు తక్కిన బోట్లు అటువైపు నుంచే చేపలు తెచ్చాయి. సత్తువలేని చేపలు, వలకి ఊరికే చిక్కాయి. పట్నం నుంచి ఒక ముసలామె వచ్చి, ఒడ్డున చేపల కుప్ప దగ్గరున్న ఎల్లాజీని అడిగింది.

"మా అమ్మాయి బాలింత, నాయనా. పాలు పడ్డానికి పాలసొర చేప కావాలి. ఇది మంచిదేనా?"

ఎల్లాజీ పక్కనే ఉన్న దానయ్య వైపు చూశాడు. దానయ్య కళ్ళెర్రజేశాడు.

"మంచిదే అమ్మా," అన్నాడు ఎల్లాజీ.

ఆ పొద్దు ఆ ఊళ్ళో ఏ ఇంటా చేపల పులుసు ఉడకలేదు, బుజ్జీ. ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎల్లాజీ పెళ్ళాం వాడికి చింతపండు చారు పోసి అన్నం పెట్టింది. వాడు ముద్ద కలిపి, కంచంలోనే వదిలేసి లేచాడు.

కథ వెళ్ళిపోయె కంచికి,
కునుకమ్మ రావమ్మ బుజ్జి కంటికి.