చివర కాస్త వదిలేసిన పెళ్ళి

మహలక్ష్మమ్మ ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట చెప్పింది మహలక్ష్మమ్మే. ఔనన్నది ఆవిడ పెద్దకొడుకు దాలినాయుడు, చిన్నకొడుకు గంగునాయుడు. ఇంకో మనిషిని అడగాల్సిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు.

అలాంటి ఇంటికి, టౌనులో బియ్యం మిల్లున్న రామినాయుడి ఇంటినుంచి సంబంధం వచ్చింది. దాలినాయుడికి అంతకుముందు వచ్చినవన్నీ పెళ్ళిచూపుల్లో కాఫీ దగ్గరే తప్పిపోయాయి. ఇదీ పోతే ఇంక పెళ్ళి కాదేమోనని వాడికి బెంగ. మహలక్ష్మమ్మ తమ్ముడు అప్పలస్వామి పనిగట్టుకొచ్చి మేనల్లుళ్ళని కూర్చోబెట్టాడు.

"ఒరే, ఆళ్ళు గొప్పోళ్ళు. పళ్ళెం నాకేసినట్టు తినకండి. గొప్పోళ్ళు ఏదైనా సివర కాస్త వదిలేస్తారు."

"ఏదైనానా మావయ్యా?"

"ఏదైనానే," అన్నాడు పాపం.

ఇంకేముంది, ఆ పూటే ఇల్లంతా గొప్పదైపోయింది. దాలినాయుడు గడ్డం గీసుకుని చెవి పక్కన కాస్త వదిలేశాడు. గంగునాయుడు స్నానం చేసి వీపు వదిలేశాడు. మహలక్ష్మమ్మ తలుపు వేసి తాళం వదిలేసింది. పిల్లని చూడ్డానికి బస్సెక్కి, చివరి స్టాపు వదిలేసి ముందే దిగిపోయారు. ఎండలో నడిచారు కానీ, గొప్పగా నడిచారు.

కాఫీలో అడుగున ఓ గుక్క, జంతికలో చివరి ముక్క వదిలిపెట్టడం చూసి రామినాయుడు మురిసిపోయాడు.

"కోతలైపోయాయా బాబూ?" అని దాలినాయుణ్ణి అడిగాడు.

"అయ్యాయండి. సివర కాస్త వదిలేశాం."

"పిట్టల కోసమా? ఎంత ధర్మబుద్ధి."

"కాదండి. గొప్ప కోసం."

రామినాయుడికి అర్థం కాలేదు. అర్థం కాలేదంటే పెద్దింటి మాటే అయ్యుంటుందని వెంటనే ముహూర్తం పెట్టించేశాడు. అంతే.

పెళ్ళిరోజు గట్టిమేళం మోగింది. దాలినాయుడు పెళ్ళికూతురు వరహాలు మెళ్ళో తాళి కట్టాడు. ఒక ముడి వేశాడు. రెండో ముడి వేశాడు. చేతులు దులుపుకుని కూర్చున్నాడు.

"మూడోది బాబూ," అన్నాడు పురోహితుడు.

"సాలండి."

"చాలదు నాయనా."

"మొగమాట పెట్టకండి పంతులుగారూ. మేం అన్నీ ఊడ్చేసే బాపతు కాదు."

ఆపాలో వద్దో తెలీక డోలాయన వాయిస్తూనే ఉన్నాడు. ముహూర్తం దాటిపోతోంది. అప్పలస్వామి వంగి, "ముడెయ్యరా, నీకు దణ్ణం పెడతాను," అని మేనల్లుడి చెవిలో బతిమాలాడు.

"గొప్పోళ్ళు సూస్తన్నారు మావయ్యా," అన్నాడు వాడు.

ఈలోగా గంగునాయుడు లేచి పంచె సర్దుకుని పీటల దగ్గరికి బయల్దేరాడు. ఇంట్లో అన్న వదిలేసినవన్నీ తినేది వాడే మరి. అది చూసి వరహాలు తలెత్తింది.

"కూకోండి మరిదిగారూ. మొగుడు వదిలింది పెళ్ళామే తినాలని మా అమ్మమ్మ సెప్పింది," అని చేతులు మెడ వెనక్కి పెట్టుకుని, మూడో ముడి తనే బిగించేసుకుంది.

అక్షింతలు పడ్డాయి. దాలినాయుడు ఓ ఇంటివాడయ్యాడు, సంతోషంతో వాడి కళ్ళు చెమర్చాయి. అప్పలస్వామి పందిరి రాటకి చేరబడి ఊపిరి పీల్చుకున్నాడు. మహలక్ష్మమ్మ మాత్రం గుండెలు బాదుకుంటూ తమ్ముడి మీద పడింది.

"మోసపోయాం తమ్ముడూ. గొప్పింటి పిల్లనుకున్నాను. సివరికంటా ఊడ్చేసింది."