సామ్రాజ్యం గుండెకు మూడు దారులు

సామ్రాజ్యానికి యాభై ఎనిమిదేళ్లు, తెనాలిలో కాపురం. ఎవరేం అడిగినా ముందు మొగుడి మొహం చూసి, ఆ తర్వాతే నోరు తెరిచేది. చాలాసార్లు తెరవాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆమె మొగుడు పూర్ణచంద్రరావు కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాడు. "మా ఆవిడకి కాఫీ పడదండీ," అనేవాడు. "మా ఆవిడకి సినిమాలంటే గిట్టదండీ," అనేవాడు. సామ్రాజ్యానికి రెండూ ఇష్టమే. పేరుకి సామ్రాజ్యం గానీ, ఆమె ఏలుబడి ఎన్నడూ వంటింటి గడప దాటలేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఆడవాళ్లకి జబ్బు చేస్తే, డాక్టరు దగ్గర ఆ జబ్బు గురించి చెప్పేది మగవాళ్లు. పూర్ణచంద్రరావు తల్లి బాధలు ఆయన తండ్రి చెప్పాడు. ఆవిడ యాభై నిండకుండానే పోయింది. ఏ రోగంతో పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పూర్ణచంద్రరావు తమ్ముడు సీతాపతి తన భార్య వసంతలక్ష్మి బాధలు చెప్పేవాడు. అతనికి మందుల షాపు ఉంది కాబట్టి, రోగంతో పాటు మందు కూడా తనే చెప్పేసేవాడు.

ఏడాదిగా సామ్రాజ్యానికి ఆయాసం వస్తూ ఉండేది. డాబా మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయేది. ఎవరైనా చూస్తే కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు వంగేది. ఎవరో రొమ్ము మధ్య పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. ఒకసారి పెరట్లో, ఒకసారి వంటింట్లో స్పృహ తప్పి పడిపోయింది. తెలివి రాగానే లేచి, చీర దులుపుకుని, పోపు మాడిందేమో చూసుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఒకసారి జ్వరం వచ్చి ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. స్కానింగు తీయించాడు. గుండె నుంచి ఒంటికి రక్తాన్ని వదిలే వాల్వు బాగా బిగుసుకుపోయిందనీ, మార్పించాల్సి వస్తుందనీ చెప్పి గుంటూరు పంపించాడు.

గుంటూరులో గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు హైమవతి మొదటే అడిగింది: "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?"

సామ్రాజ్యం మొగుడి మొహం చూసింది.

"కొంచెం ఒళ్లు చేసింది కదండీ, అంతే," అన్నాడు పూర్ణచంద్రరావు.

"ఛాతీలో నొప్పి?"

"గ్యాసండీ. మా తమ్ముడు సిరప్పు ఇస్తున్నాడు."

"ఎప్పుడైనా స్పృహ తప్పిందా?"

"మా ఆవిడకా? ఉక్కుముక్కండీ!"

డాక్టరు సామ్రాజ్యం వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

"ఆయన చెప్పారు కదండీ," అంది సామ్రాజ్యం. పెరట్లో పడ్డప్పుడు మోచేతికి తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. కొంగుతో కప్పుకుంది.

"ఏ బాధా లేదంటున్నారు కాబట్టి పరీక్షలు పూర్తి చేయించుకుని వచ్చే నెల రండి. ఈలోగా కళ్లు తిరిగితే మాత్రం ఆ రోజే రావాలి," అంది డాక్టరు.

వచ్చే నెల దాకా ఆగలేదు. సీతాపతి కూతురి ఓణీల ఫంక్షన్లో, పులిహోర బేసిన్ ఎత్తుకుని వస్తూ సామ్రాజ్యం బంతి మధ్యలో కూలిపోయింది. "బేసిన్ పట్టుకోండి, బేసిన్!" అని ఎవరో అరిచారు. ముందు బేసిన్నే పట్టుకున్నారు. తర్వాత మనిషిని కారులో వేసుకుని గుంటూరు తీసుకెళ్లారు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు హైమవతి మంచం దగ్గరికి వచ్చింది. "ఇక నెలలు లేవు. ఈ వారంలోనే వాల్వు మార్చాలి. ఎలా మార్చాలన్నదే తేల్చుకోవాలి," అంది.

సీతాపతి దారి పొడవునా ఫోన్లో వీడియోలు చూసి తయారుగా ఉన్నాడు. "కాల్లోంచి చేసేయండి డాక్టరు గారూ. తొడ దగ్గర చిన్న బొక్క. నాలుగు రోజుల్లో ఇంటికెళ్లిపోవచ్చు. వాల్వు మాత్రం లోహంది వేయండి, ఇక జీవితాంతం అరగదు."

"లోహపు వాల్వు మడత పడదండీ. కాల్లోంచి పంపాలంటే గొడుగులా మడవాలి. అది జంతువు పొరతో చేసిన వాల్వే అవుతుంది."

"మడిచే లోహం కూడా వచ్చిందని విన్నానే," అని గొణిగాడు సీతాపతి.

డాక్టరు అతన్ని వదిలేసి సామ్రాజ్యంతో మాట్లాడింది. "చూడండమ్మా. మామూలు పద్ధతిలో రొమ్ము ఎముక మధ్యకి కోసి, గుండెని ఆపి, ఆ పని కాసేపు మిషన్‌కి అప్పగించి, పాత వాల్వు తీసి కొత్తది కుట్టేస్తాం. అదే పని కుడివైపు పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి కూడా చేయొచ్చు. గుండెని ఆపడం అందులోనూ తప్పదు, కానీ పెద్ద ఎముక జోలికి పోం. మీ మరిది చెప్పే కాలి దారిలో ఏదీ కోయం, గుండె ఆపం. పాత వాల్వుని తియ్యకుండా దాని లోపలే కొత్తది విప్పుతాం. పెద్ద వయసువాళ్లకి, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకి అది వరం. మీకింకా అరవై రాలేదు. పైగా మూడు రేకులు ఉండాల్సిన వాల్వు మీకు పుట్టుకతోనే రెండు రేకులతో ఉంది. గూడు సమంగా లేదు. అందులో మడత వాల్వు సరిగ్గా కూర్చోకపోతే పక్కల నుంచి రక్తం కారుతుంది."

పూర్ణచంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "ఎందులో అయితే తొందరగా వంటింట్లోకి వస్తుందండీ?"

ఆయన దుర్మార్గుడేం కాదు. రెండు రోజులుగా హోటల్ ఇడ్లీ తింటున్నాడు, అంతే.

"ఆ లెక్కన కాలి దారే. కానీ నేను వాల్వు లెక్క చూస్తాను, వంటింటి లెక్క కాదు," అంది డాక్టరు. "సామ్రాజ్యం గారూ, మీరేమంటారు?"

"ఆయన ఎలా అంటే అలా."

"కోసేది ఆయన్ని కాదమ్మా. రేపు పొద్దున మళ్లీ వచ్చి అడుగుతాను. మీ నోటితో చెప్పాలి."

ఆ పగలంతా సామ్రాజ్యానికి కుదురు లేదు. పడుకుంటే ఆయాసం. కూర్చుంటే ఆలోచన. మంచం దిగనివ్వరు. మొగుడి ఫోను మోగుతూనే ఉంది. ఫోన్ చేసిన ప్రతివాడికీ ఎవడో ఒకడు తెలుసు. ఒకడు కాలి దారిలో బతికాడు, ఇంకొకడు కోత దారిలో పోయాడు. "ఆఁ ఆఁ, అలాగే, కాల్లోంచే చేయిస్తున్నాం," అంటున్నాడు పూర్ణచంద్రరావు. ఆమె దుప్పటి అంచు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

పక్క మంచం మీద ఒక మామ్మ కూర్చుని శుభ్రంగా ఉప్మా తింటోంది. "నాకు కాల్లోంచే పెట్టారమ్మాయ్. ఎనభై దాటాయి, కోస్తే తట్టుకోనన్నారు. ఇదొక పదేళ్లు పనిచేస్తే చాలు. ఆ తర్వాత నాతోనే ఎవరికీ పనిలేదు," అంది.

ఎదురు మంచం మీద ఒక స్కూలు టీచరు ఉంది. ఎముక కోసి లోహపు వాల్వు వేశారు. దగ్గు వస్తే దిండుని రొమ్ముకి గట్టిగా హత్తుకుంటోంది. "నొప్పికేముందండీ, తగ్గుతుంది. రక్తం పలచబడే మాత్రతోనే తంటా. రోజూ ఒకే వేళకి మింగాలి. మానేస్తే వాల్వు మీద రక్తం గడ్డకట్టొచ్చట. తిండి కూడా ఒక రోజు పస్తు, ఒక రోజు విందు అంటే కుదరదట. జీవితాంతం," అంది.

"అసలు మానకూడదా?" అంది సామ్రాజ్యం.

"మానకూడదండీ."

శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు సామ్రాజ్యానికి ఉపవాసం. ఆ రోజుల్లో బీపీ మాత్ర కూడా వేసుకునేది కాదు. మాత్ర మింగినా ఎంగిలిపడినట్టేనని అత్తగారు నేర్పింది. పులిహోర బేసిన్‌తో కూలిపోయింది కూడా శనివారమే. పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ఊరందరికీ వడ్డించింది.

సాయంత్రం వసంతలక్ష్మి ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. "ఏం తేల్చుకున్నావక్కా?"

"ఆయనా, మీ ఆయనా చూసుకుంటున్నారు కదే."

"వంకాయలు కొనేటప్పుడు ఒక్కోటీ తిప్పి తిప్పి చూసి బండివాణ్ణి ఏడిపిస్తావు. గుండెకి వాల్వు కొనేటప్పుడు వాళ్లు చూసుకుంటారా?"

"చాల్లే. నీ సంగతైతే నువ్వు చెప్పుకోగలవా?"

వసంతలక్ష్మి కాఫీ పోస్తూ ఆగింది. "లేదక్కా. మనిద్దరిలో ఒక్కరైనా చెప్పగలరేమో చూద్దామని."

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చింది. పూర్ణచంద్రరావు లేచి నిలబడి, "మేమంతా ఆలోచించుకున్నామండీ..." అని మొదలుపెట్టాడు.

"మీరాగండి," అంది సామ్రాజ్యం.

ఆయన ఆగాడు. ఇష్టపడి కాదు, ఆశ్చర్యంతో.

"నేను మూడుసార్లు పడిపోయానండీ. మెట్లు సగం కూడా ఎక్కలేను. ఆ నొప్పి గ్యాసు కాదు. ఉపవాసం రోజుల్లో నేను మాత్రలు వేసుకోను. ఇక మీద వేసుకుంటానని మీ ముందు ఒట్టు పెట్టగలను గానీ, పెళ్లయినప్పటి నుంచీ ఉన్న అలవాటు. నన్ను నేనే నమ్మను."

డాక్టరు కేసు కాగితంలో అన్నీ రాసుకుంది. "మొదటి రోజే చెప్పి ఉంటే అప్పుడే ఆసుపత్రిలో చేర్చుకునేదాన్ని. ఈ మాత్రల సంగతి ఇప్పటికీ చెప్పకపోతే లోహపు వాల్వు వేసేదాన్ని. మీ వయసుకి ఏదైనా వేయొచ్చు, అదైతే అరగదు కదా అని. ఉపవాసం వచ్చినప్పుడల్లా మాత్ర మానేస్తుంటే ఎప్పుడో ప్రాణం మీదికి వచ్చేది," అంది.

"నాకెప్పుడూ చెప్పలేదేమే?" అన్నాడు పూర్ణచంద్రరావు.

"మీరెప్పుడు అడిగారు?" అని, సామ్రాజ్యం డాక్టరు వైపు తిరిగింది. "పొరతో చేసింది ఎన్నాళ్లుంటుంది?"

"పది పదిహేనేళ్లు ఉండొచ్చు. దానికైతే రక్తం పలచబడే మాత్ర జీవితాంతం అక్కర్లేదు. అది అరిగాక, అప్పుడు కాలి దారిలో దాని లోపలే ఇంకొకటి పెట్టే వీలు ఉండొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను."

"పెద్ద కోతా, పక్కన చిన్న కోతా, మీ చెయ్యి దేంట్లో బాగా తిరిగింది?"

"పెద్ద కోతలో. చిన్న కోతవి నేను తక్కువే చేశాను. అవే ఎక్కువగా చేసేవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. కావాలంటే పంపిస్తాను. మచ్చ చిన్నది, తొందరగా కోలుకుంటారు. కానీ ఈ స్థితిలో అంత దూరం ప్రయాణం నాకు భయమే."

"అయితే పెద్ద కోతే. పొర వాల్వే. మీరే చేయండి."

సీతాపతి ముందుకొచ్చాడు. "వదినా, రొమ్ము మీద జానెడు మచ్చ! నలుగురిలోకి ఎలా వెళ్తావు?"

"నా రవికలోకి తొంగిచూసేవాళ్లకి కదా సీతాపతీ ఆ బెంగ. నీకెందుకు?"

పక్క మంచం మామ్మకి నవ్వు ఆగక పొలమారింది.

"రెండు మూడు నెలలు బరువెత్తకూడదటే," అన్నాడు పూర్ణచంద్రరావు బేలగా. "మరి వంటో?"

"మీరు పొయ్యి వెలిగించడానికి అగ్గిపుల్ల చాలండీ. కొత్త వాల్వు అక్కర్లేదు."

ఆపరేషన్ జరిగింది. సుఖంగా జరిగిందని చెప్తే అబద్ధం. గుండె కొన్నాళ్లు లయ తప్పింది. తుమ్ము వస్తే ఎముక పగిలినట్టుండేది. పక్కకి తిరిగి పడుకోలేక, మామ్మ లాగా కాల్లోంచే చేయించుకున్నా బాగుండేదని ఒక మధ్యాహ్నం ఏడ్చింది కూడా. కానీ తనే ఎంచుకున్న నొప్పి కాబట్టి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. మెల్లగా తగ్గింది. పూర్ణచంద్రరావు చారు పెట్టడం నేర్చుకున్నాడు. ఆ చారు గురించి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

మరుసటి ఏడు వసంతలక్ష్మికి నెలసరి ఎక్కువవుతోందని, గర్భసంచి తీయించేద్దామని సీతాపతి నిర్ణయించాడు. సామ్రాజ్యం ఆమెని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. సీతాపతిని బయట బల్ల మీద కూర్చోబెట్టి తలుపు వేసింది. వసంతలక్ష్మి తన బాధ తనే చెప్పుకుంది. ఆమె గర్భసంచి ఇప్పటికీ ఆమె ఒంట్లోనే ఉంది.

బాధ ఎవరిదో దాన్ని చెప్పే నోరూ వాళ్లదే కావాలి. మన రోగాన్ని ఇంకొకరి చేత చెప్పిస్తే, వాళ్లు తమకి వీలైన రోగమే చెప్తారు, కోత మాత్రం మనకే పడుతుంది.